పదమూడో స్కాలర్‌షిప్ ఎవరికి?

ఆ మంగళవారం ఉదయం లోవెల్ హాస్కిన్స్ పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదింటికి ఒక కేకు చెప్పాలి. పన్నెండింటికి ఆ కేకును ఏడడుగుల కుర్రాడి ముందు పెట్టాలి. ఒంటిగంటకి ఆ కుర్రాడి చేత సంతకం పెట్టించాలి. ఇంత చిన్న కార్యక్రమంలో తప్పు జరగడానికి చోటెక్కడుంది? సాయంత్రం పెందలాడే ఇంటికి పోయి పెరట్లో గడ్డి కత్తిరించుకోవచ్చని కూడా అనుకున్నాడు.

లోవెల్ నెబ్రాస్కాలో కోల్టన్ ఫెర్రీ అనే చిన్న ఊరి కాలేజీకి పదకొండేళ్లుగా బాస్కెట్‌బాల్ కోచ్. కిందటి సీజన్లో అతని జట్టు ముప్పై ఒక్క ఆటలాడి తొమ్మిది గెలిచింది. ఆ తొమ్మిదిలో ఒకటి అవతలివాళ్ల బస్సు మంచులో కూరుకుపోయి, సగం జట్టే వచ్చిన రోజుది. సీజన్ అయిపోయిన మర్నాడు కాలేజీ క్రీడల విభాగం పెద్ద మార్లిస్ బ్రంట్ అతన్ని పిలిపించి, కూర్చోమనైనా అనకుండా సంగతి చెప్పేసింది.

"లోవెల్, బుట్ట కింద నిలబడి బంతి లాక్కునేవాడు మనకి ఒక్కడూ లేడు. ఒక పొడుగువాణ్ణి తీసుకురా. తేలేకపోయావో, వచ్చే మార్చికి నీ గది తలుపు మీద ఇంకొకరి పేరుంటుంది."

జట్టుకున్న స్కాలర్‌షిప్పులు పదమూడు. పన్నెండు నిండాయి, పదమూడోది ఖాళీ. ఆ ఒక్కదాన్నీ ఎలా వాడాలో ఊళ్లో లోవెల్‌కి తప్ప అందరికీ తెలుసు. దూరం నుంచి బంతి వేసేవాణ్ణి తెమ్మని మంగలి. ఈ ఏడు అలాగే ఉంచేసి వచ్చే ఏడు మంచివాణ్ణి చూడమని పెట్రోలు బంకు అమ్మాయి. పళ్ల డాక్టరైతే లోవెల్ నోట్లో రెండు చేతులూ పెట్టి, "పొడుగువాళ్లకి మోకాళ్లు నిలవవు కోచ్, ఔనంటారా కాదంటారా?" అని అడిగాడు. లోవెల్ చేసిన శబ్దాన్ని ఔననే తీసుకున్నాడు.

మిగిలిన ఊరంతా అనేది ఒక్కటే మాట. గ్రేడీకివ్వు.

గ్రేడీ నోవాచెక్ అనేవాడు ఐదడుగుల పదకొండంగుళాల కుర్రాడు. స్కాలర్‌షిప్ లేకుండానే జట్టులో చేరి మూడేళ్లుగా రోజూ అందరికంటే ముందొచ్చి, అందరి చేతా మోచేతి పోట్లు తిని, అందరికంటే ఆఖర్న వెళ్లేవాడు. మూడేళ్లలో అసలు ఆటలో వాడు కోర్టు మీద నిలబడ్డది మొత్తం పద్నాలుగు నిమిషాలు. వాడి నానమ్మ ఆగ్నెస్‌కి మెయిన్ స్ట్రీట్‌లో బేకరీ ఉంది. ఆవిడ చేసే కొలాచీలు, నడిమధ్య జామ్ పెట్టిన ఆ మెత్తటి రొట్టెలు, తినకుండా ఊళ్లో ఎవరికీ తెల్లవారదు. లోవెల్‌కి గ్రేడీ అంటే ఇష్టమే. కానీ మంచితనం ఎంత ఉన్నా ఐదడుగుల పదకొండంగుళాల దగ్గరే ఆగిపోతే బుట్ట కింద ఏం లాభం?

అందుకని లోవెల్ తన అసిస్టెంటు డెషాన్ పెటిఫర్డ్ వెతికి పట్టిన థియో వాండర్‌వెల్డ్ మీద ఆశలన్నీ పెట్టుకున్నాడు. మిషిగన్ కుర్రాడు. ఇంకో కాలేజీలో కోచ్ అరుపులు పడలేక బయటికొస్తున్నాడు. పక్క జిల్లా కాలేజీ వాళ్లకి ఈ కబురు పొక్కితే గద్దల్లా తన్నుకుపోతారు కాబట్టి, లోవెల్ ఈ విషయం డెషాన్‌కి, మార్లిస్‌కి తప్ప పెళ్లానికి కూడా చెప్పలేదు. ఆ రోజు పొద్దున్నే డెషాన్ తండ్రీకొడుకుల్ని తీసుకురావడానికి ఒమాహా విమానాశ్రయానికి వెళ్లాడు. లోవెల్ బేకరీకి ఫోను చేశాడు.

"ఆగ్నెస్ గారూ, మధ్యాహ్నానికి ఒక కేకు కావాలండీ. పెద్దది. మన కాలేజీ రంగుల్లో."

"దానికేం భాగ్యం నాయనా. ఏం రాయమంటావు?"

"'పదమూడోది నీదే' అని రాయండి."

అవతల ఏదో పళ్లెం కింద పడింది.

"పేరు?" అంది ఆగ్నెస్, గొంతు సవరించుకుని.

"పేరొద్దండీ. ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా మీ ఇంట్లో అస్సలు చెప్పకండి."

గ్రేడీకి ఆ చేదు మాట తనే మెల్లగా చెప్పాలని లోవెల్ ఉద్దేశం. ఆ ఉద్దేశం ఫోను తీగలో ప్రయాణం చేయలేదు.

"చెప్పను నాయనా. మా ఇంట్లో నా నోటంట ఒక్క ముక్క రాదు," అంది ఆగ్నెస్. ముక్కు చీదిన చప్పుడు. "ఆ దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు."

"కేకే కదండీ," అన్నాడు లోవెల్ అర్థంకాక.

"కేకేలే. నేనేమైనా అన్నానా? కేకే."

ఆవిడ మాట మీద నిలబడే మనిషి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బేకరీకి వచ్చినవాళ్లకి మాత్రమే చెప్పింది. చెప్పిన ప్రతివాళ్ల చేతా ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయించుకుంది. పదింటికల్లా ఒట్టు వేయని మనిషి ఊళ్లో మిగల్లేదు.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పుకోవాలి. స్కాలర్‌షిప్ లేకుండా ఏళ్ల తరబడి చెమటోడ్చిన ఆటగాడికి అది ఇచ్చేటప్పుడు, ఏ కోచ్ కూడా మామూలు మనిషిలా పిలిచి కాగితం ఇవ్వడు. ముందు వాణ్ణి హడలగొడతాడు. పరీక్షలో దొరికిపోయావంటాడు, జట్టులోంచి తీసేశానంటాడు, ఇంకా సరదా ఉన్నవాడైతే పోలీసుని కూడా తెచ్చి నిలబెడతాడు. కుర్రాడు బావురుమనబోయే క్షణంలో కాగితం చేతిలో పెడతాడు. జట్టంతా వాడి మీద పడి పచ్చడి చేస్తుంది. మూల దాచిన కెమెరా ఇదంతా పడుతుంది, సాయంత్రానికి దేశమంతా చూసి కళ్లు తుడుచుకుంటుంది. అంచేత ఆ ప్రాంతాల్లో కోచ్ ఎంత గట్టిగా కాదంటే అంత గట్టిగా ఔనని అర్థం. ఇది లోవెల్‌కి కూడా తెలుసు. కాకపోతే ఆ ఉదయం దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

పదిన్నరకి గ్రేడీని గదికి పిలిపించాడు. వాడు జుట్టు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా చూసి లోవెల్ చూపు బల్ల మీది కాగితాల వైపు తిప్పుకున్నాడు.

"కూర్చోరా గ్రేడీ. నిన్ను బాధపెట్టే మాట ఒకటి చెప్పాలి."

గ్రేడీ మొహం వెలిగిపోయింది. "చెప్పండి కోచ్. నేను సిద్ధంగానే ఉన్నాను."

"ఆ పదమూడో స్కాలర్‌షిప్ నీకు ఇవ్వడం లేదు."

"అయ్యో," అన్నాడు గ్రేడీ. ఆ అయ్యోలో దుఃఖం తప్ప అన్నీ ఉన్నాయి. వాడి చూపు గోడ గడియారం మీదా, కిటికీలో పూలకుండీ మీదా తిరిగి, చివరికి కుండీయే అనుమానంగా కనిపించి, అటువైపు కాస్త మొహం తిప్పి కూర్చున్నాడు.

"ఇంకో అతనికి ఇస్తున్నాను. మిషిగన్ నుంచి వస్తున్నాడు. ఏడడుగులుంటాడు."

"ఏడడుగులా! భలే ఆలోచించారు కోచ్."

"ఆలోచించడమేంట్రా? ఉన్నమాటే చెబుతున్నాను."

"ఉన్నమాటే కోచ్. ఏడవమంటారా?"

"ఏడవమనడమేంటి? వస్తే ఏడు, రాకపోతే మానెయ్!"

"ఇప్పుడా, పన్నెండింటికా?"

"పన్నెండింటికి ఏముంది?" అన్నాడు లోవెల్.

"నాకేం తెలీదు కోచ్," అన్నాడు గ్రేడీ లేచి నిలబడి. లోవెల్‌ని గట్టిగా కావలించుకుని, చెవి దగ్గర మెల్లగా, "మీరు చాలా బాగా చేస్తున్నారు. మొహంలో అసలు నవ్వే లేదు," అని మెచ్చుకుని వెళ్లిపోయాడు.

లోవెల్ కుండీ ఎత్తి చూశాడు. దాని వెనక నిజంగానే చిన్న కెమెరా ఉంది. కాలేజీ వీడియోలు తీసే కుర్రాడు పదింటికి వచ్చి పెట్టిపోయాడట. వాడు కూడా బేకరీ మీదుగానే వచ్చాడట.

కొంప ఎక్కడ మునిగిందో అప్పుడర్థమైంది లోవెల్‌కి. కారు తీసుకుని మెయిన్ స్ట్రీట్‌కి పరిగెత్తాడు. బేకరీ తలుపుకి ఒక అట్ట వేలాడుతోంది: "ఈ రోజు సెలవు. కారణం చెప్పకూడదు." తోసుకుని లోపలికి వెళితే పాతికమంది ఉన్నారు. మంగలి ఉన్నాడు, పళ్ల డాక్టరు ఉన్నాడు, పాస్టరు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మధ్యలో బల్ల మీద మూడంతస్తుల కేకు. ఆగ్నెస్ చర్చికి వేసుకునే గౌనులో ఉంది.

లోవెల్ ఊపిరి బిగబట్టి అనేశాడు. "ఆగ్నెస్ గారూ, ఆ కేకు గ్రేడీకి కాదండీ."

మరుక్షణం పాతికమందీ పగలబడి నవ్వారు.

"చూశావా!" అంది ఆగ్నెస్ మంగలితో. "మన చర్చిలో క్రిస్మస్ నాటకానికి ఇతన్ని ఎందుకు పెట్టుకోలేదు ఇన్నాళ్లూ?"

"నటన కాదండీ, ఒట్టు!"

"ఒట్టు కూడా వేస్తున్నాడు!" అన్నారు పాస్టరు గారు మురిసిపోతూ.

"మీరంతా ఒక్క నిమిషం నా మాట..." అని లోవెల్ నోరు తెరిచేసరికి ఆగ్నెస్ అందులో ఆప్రికాట్ కొలాచీ పెట్టేసింది. మళ్లీ తెరిస్తే గసగసాలది పెట్టింది. మూడోసారి తెరవడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుని వెనక పొయ్యిల గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ నవ్వు ఆపి, చాలాసేపు అతని మొహంలోకి చూసింది.

"నాయనా, మూడేళ్లు. వాడు ఆడే ప్రతి ఆటకీ టికెట్టు కొనుక్కుని వచ్చాను. వాడు బెంచీ మీద కూర్చోవడం చూడ్డానికి. నేను కూర్చునే చోటు నుంచి వాడి వీపే కనిపిస్తుంది. వాడి వీపు నాకు కొట్టినపిండి. ఈ రోజు నలుగురి మధ్యా వాడి మొహం చూస్తాను."

నోట్లో ఉన్న కొలాచీ లోవెల్‌కి గొంతు దిగలేదు. అరవై మైళ్ల అవతల నుంచి ఏడడుగుల ఉద్యోగం వస్తోంది, ఇక్కడ ఈ ముసలావిడ చేతులకి పిండి ఉంది. అతను తల ఊపి బయటపడ్డాడు. ఆ తల ఊపడం ఔననో కాదనో అతనికే తెలియదు.

కారెక్కేసరికి ఫోను మోగింది. మార్లిస్.

"లోవెల్! నీకొక హృదయం ఉందని ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేంటయ్యా నాకు? కాలేజీ ప్రెసిడెంటు గారు కూడా పన్నెండింటికి జిమ్‌కి వస్తున్నారు. టీవీ వాళ్లు దారిలో ఉన్నారు."

"మేడమ్, పొడుగువాణ్ణి తెమ్మన్నది మీరే కదా?"

"ఔను, తే."

"మరి గ్రేడీ?"

"వాడికివ్వు."

"ఉన్నది ఒక్కటే మేడమ్! పన్నెండూ ఒకటీ పదమూడు!"

"నాకు లెక్కలు చెప్పకు లోవెల్. నేను డిగ్రీ చేసిందే లెక్కల్లో," అని మార్లిస్ ఫోను పెట్టేసింది.

మిగిలింది ఒకే దారి. థియోని జిమ్ ఛాయలకి రాకుండా చూడాలి. ఊరి బయట హైవే పక్కనున్న స్టేక్ హోటల్లో కూర్చోబెడితే, ఇక్కడి గొడవ ఎలాగోలా సర్దుకుని ఒంటిగంటకి అక్కడ సంతకం పెట్టించుకోవచ్చు. లోవెల్ డెషాన్‌కి మెసేజ్ పెట్టాడు. మళ్లీ పెట్టాడు. ఆరుసార్లు ఫోను చేశాడు. కానీ డెషాన్ బండి నడిపేటప్పుడు ఫోను ముట్టుకోని బుద్ధిమంతుడు. ఆ గుణాన్ని కిందటి నెలలోనే జట్టంతటి ముందూ లోవెల్ స్వయంగా పొగిడి చప్పట్లు కొట్టించాడు.

పన్నెండింటికి జిమ్‌లో నాలుగొందల మంది ఉన్నారు. తొమ్మిది గెలుపుల సీజన్లో ఒక్క ఆటకీ అంతమంది రాలేదు. కోర్టు నడుమ బల్ల మీద కేకు పెట్టారు. దాని పక్కనే గ్రేడీ చేతిలో నీళ్ల సీసాతో, ఏదో దాహమేసి దారి తప్పి వచ్చినవాడిలా నిలబడ్డాడు. మొదటి వరసలో ఆగ్నెస్ పర్సు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోవెల్ చేతిలో ఎవరో మైకు పెట్టారు.

సరిగ్గా అప్పుడే పెద్ద తలుపు తెరుచుకుంది. ముందు డెషాన్ వచ్చాడు, వెనకే పొట్టిగా, గుండ్రంగా ఒక తండ్రి వచ్చాడు, ఆ తర్వాత తలుపు చట్రం కింద నుంచి వంగి థియో వాండర్‌వెల్డ్ వచ్చాడు.

"కోచ్! ఏం స్వాగతమండీ ఇది!" అన్నాడు డెషాన్ పరవశించిపోయి. "మన ఊరికి ఇంత ఊపుందని నాకు తెలీనే తెలీదు!"

జనం థియోని చూశారు. పైకప్పు ఎగిరిపోయేలా ఈలలు వేశారు.

"గ్రేడీతో ఏడడుగులన్నాడట, నిజంగానే ఏడడుగులవాణ్ణి పట్టుకొచ్చాడ్రా!" అన్నాడు మంగలి. "అద్దెకి దొరుకుతారంటావా ఇట్లాంటివాళ్లు?"

థియో తండ్రి మిషిగన్‌లో పడవలు అమ్మే పెద్దమనిషి. ఆయన ఆ ఈలలన్నీ తన కొడుక్కే అనుకుని, పెళ్లికొడుకు తండ్రిలా అన్ని వైపులకీ చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

లోవెల్ తెగించాడు. ఇంతమంది ముందు మైకులో నిజం చెబితే ఇంక ఎవరు నమ్మకుండా ఉంటారు? ఉద్యోగం నిలబడుతుంది. నాలుగు రోజులు ఊరు తిడుతుంది, ఐదో రోజు మర్చిపోతుంది. గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండి. మా పదమూడో స్కాలర్‌షిప్‌ని నేను ఇతనికి ఇస్తున్నాను. థియో వాండర్‌వెల్డ్‌కి."

చప్పట్లు మారుమోగాయి. థియో సిగ్గుపడుతూ చెయ్యెత్తాడు. గ్రేడీ తన వంతు వచ్చిందని గ్రహించి, నీళ్ల సీసా కింద జారవిడిచి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నవ్వు కనిపిస్తూనే ఉంది.

చప్పట్లు ఆగాయి. జనం ఎదురుచూడసాగారు.

లోవెల్ కూడా ఎదురుచూశాడు, వాళ్లు లేచి వెళతారేమోనని. ఎవరూ కదల్లేదు. నాలుగొందల మొహాలు ఆ తర్వాతి మాట కోసం నవ్వుతూ ఉన్నాయి. పది సెకన్లు గడిచాయి, ఇరవై గడిచాయి. వెనక వరసలో ఎవరో "ఇంక చాల్లే కోచ్, పసివాణ్ణి ఏడిపించకు!" అన్నారు. ఆగ్నెస్ పర్సు తెరిచి, మడత పెట్టిన రుమాలు తీసి చేతిలో పట్టుకుంది. ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది. కానీ ఆ నవ్వు మెల్లగా అలిసిపోతోంది. గ్రేడీ మొహం మీంచి చేతులు తీసేశాడు. వాడి కళ్లలో మొదటిసారిగా ఒక అనుమానం కదిలింది.

ఆ క్షణాన లోవెల్‌కి తన మీద తనకే రోత పుట్టింది. మూడేళ్లు వీడి చేత నేల తుడిపించుకున్నాను, బంతులు మోయించుకున్నాను, నా పొడుగువాళ్ల మోచేతులకి వీడి పక్కటెముకలు అప్పగించాను అనుకున్నాడు. కనీసం అందరి ముందూ క్షమించమని అడగాలి.

"గ్రేడీ..." అన్నాడు.

అంతే. ఆ తర్వాతి మాట ఎవరికీ వినపడలేదు. జిమ్ బద్దలైంది. పన్నెండుమంది ఆటగాళ్లూ అన్ని వైపుల నుంచీ దూకి గ్రేడీ మీద పడ్డారు. కేకు బల్లతో సహా తిరగబడింది. పాస్టరు గారు పళ్ల డాక్టరుని ముద్దు పెట్టుకున్నారు. మైకు లోవెల్ చేతిలోనే ఉంది. "ఆగండి" అంటే చాలు, ఇంకా సమయం మించిపోలేదు. ఆ మనుషుల గుట్ట కింద నుంచి గ్రేడీ తల బయటికొచ్చింది. చెవుల నిండా క్రీము, మొహమంతా కన్నీళ్లు, ఈసారి నటన కాదు. ఆగ్నెస్ నిలబడి ఆ మొహాన్నే చూస్తోంది.

లోవెల్ మైకు కట్టేశాడు.

ఇంతలో ఏడడుగుల థియో కూడా ఆ గుట్టలోకి దూకాడు. ఎందుకు దూకాడో వాడికీ తెలియదు. ఐదు నిమిషాల క్రితం దాకా ముఖమైనా ఎరగని గ్రేడీని రెండు చేతులతో ఎత్తి తీసుకుపోయి బుట్టలో కూర్చోబెట్టాడు.

సందడి కాస్త సద్దుమణిగాక థియో తండ్రి లోవెల్ దగ్గరికి వచ్చాడు.

"కోచ్ గారూ, తెలియక అడుగుతాను. ఇప్పుడది మా వాడిదా, ఆ పిల్లవాడిదా?"

"ఆ పిల్లవాడిదేనండీ. తప్పంతా నాది."

"రెండు విమానాలు మారి వచ్చాం."

"కేకు తినండి," అన్నాడు లోవెల్. అది నేల మీద ఉంది. అయినా అంతకంటే ఇవ్వడానికి అతని దగ్గర ఏమీ లేదు.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు మీది పేరు ఇంక పదకొండు నెలలే. యాభై నాలుగేళ్ల వయసులో, తొమ్మిది గెలుపుల కోచ్‌కి ఎవరిస్తారు ఉద్యోగం? భార్యకి ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగా తలుపు తట్టి గ్రేడీ వచ్చాడు. జుట్టులో ఇంకా నీలం క్రీము ఉంది.

"కోచ్, ఒక్క చిన్న విషయం. ఆ స్కాలర్‌షిప్ నాకొద్దండీ."

లోవెల్ కుర్చీలోంచి సగం లేచాడు. "ఏమన్నావు?"

"నాకు చదువుకి రాష్ట్రం వాళ్లిచ్చే స్కాలర్‌షిప్ మొదటి ఏడాది నుంచే ఉంది. ఫీజు, గది, తిండి, పుస్తకాలు అన్నీ అందులోనే. మీది తీసుకుంటే అది పోతుంది. దీనికంటే అదే ఎక్కువ కోచ్, ఏమీ అనుకోకండి."

"మూడేళ్ల నుంచీ ఉందా? మరి ఎప్పుడూ చెప్పలేదేంట్రా?"

"మీరెప్పుడూ అడగలేదు కోచ్."

ఆ మాట వాడు మామూలుగానే అన్నాడు. లోవెల్‌కి మాత్రం అది ములుకులా తగిలింది.

"పోనీ పొద్దున్న చెప్పొచ్చుగా!"

"ఇవ్వనిదాన్ని వద్దని ఎలా అంటాను?"

"ఇవ్వడం లేదని నేను నోరు నొప్పెట్టేలా చెప్పాను కదరా!"

"అందుకే కదా కోచ్, ఇస్తున్నారని నమ్మకం కుదిరింది."

లోవెల్ కుర్చీలో కూలబడ్డాడు. "మరి మీ నానమ్మ? ఆవిడకి తెలిస్తే?"

"నానమ్మకి ఆ చదువు డబ్బు సంగతి తెలుసు కోచ్. ఆవిడకి కాగితం అక్కర్లేదు. నాక్కూడా అక్కర్లేదు. వాళ్లందరూ అట్లా నా మీద పడాలని..." గ్రేడీ ఆగాడు. "అది అయిపోయింది కోచ్. చాలు నాకు."

లోవెల్ లేచి వాణ్ణి దగ్గరికి లాక్కున్నాడు. చొక్కాకి క్రీము అంటుకున్నా పట్టించుకోలేదు. ఆ తర్వాత, ప్రేమ సంగతి ప్రేమది, ఉద్యోగం సంగతి ఉద్యోగానిది కాబట్టి, వాణ్ణి వదిలిపెట్టి పరుగు లంఘించుకున్నాడు. పార్కింగులో డెషాన్ అప్పటికే బండి తీస్తున్నాడు. ముందు సీట్లో థియో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని మడిచి కూర్చున్నాడు. లోవెల్ బండికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాచాడు.

"థియో! అది నీదే! గ్రేడీ వద్దన్నాడు. దేవుడి మీద ఆన, ఈసారి నిజంగా నీదే!"

థియో అద్దం దించి, సందేహంగా తల బయటపెట్టాడు.

"థాంక్స్ కోచ్. నేను ఈ కాలేజీకే వస్తాను. ఇందాకే మా నాన్నతో చెప్పేశాను. కానీ నాకు స్కాలర్‌షిప్ వద్దు."

తండ్రి వెనక సీట్లోంచి నిట్టూర్చాడు.

"మేమిప్పటిదాకా ఐదు కాలేజీలు తిరిగామండీ," అన్నాడాయన. "అన్ని చోట్లా కేకు పెట్టారు, అన్ని చోట్లా సంతకం పెట్టమన్నారు. ఏ ఒక్కచోటా వీడి కోసం ఒక్కరూ ఏడవలేదట. వీడికి అలాంటిది కావాలట. ఈ ఏడు ఫీజు నేనే కడతాను, ఏం చేస్తాను?"

"నేనూ ముందు మామూలుగానే చేరతాను కోచ్," అన్నాడు థియో. వాడి మొహం ఎర్రబడింది. "కష్టపడతాను. తర్వాత ఎప్పుడైనా, నేను అసలు అనుకోని రోజున... ఆ అబ్బాయికి చేసినట్టు..."

"ఇప్పుడే తీసుకోరాదుటయ్యా?"

"ఇప్పుడు తీసుకుంటే ఎవరు మీద పడతారు కోచ్?"

"సరే అయితే," అన్నాడు లోవెల్ నీరసంగా. "ఇవ్వను."

థియో మొహం చేటంత అయింది.

ఆ రాత్రికి వీడియో దేశమంతా తిరిగింది. మర్నాడు మార్లిస్ అతన్ని పిలిచి, ఈసారి కూర్చోమని, ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు ముందు పెట్టింది. ఏడడుగులవాడు జట్టులో చేరాడు, కాలేజీకి దరఖాస్తులు పెరిగాయి, స్కాలర్‌షిప్ కూడా ఖర్చవలేదు. ఇంత లౌక్యం నీలో ఉందనుకోలేదంది. లోవెల్ కూడా అనుకోలేదు కాబట్టి ఊరుకున్నాడు. బయటికొస్తే వరండాలో స్కాలర్‌షిప్ ఉన్న పన్నెండుమందీ వరసగా నిలబడి ఉన్నారు. తమకి మామూలుగా కాగితం చేతిలో పెట్టారు తప్ప ఎవరూ ఏడవలేదనీ, అంచేత వాటిని వెనక్కి తీసుకుని మళ్లీ ఒకసారి సరిగ్గా ఇవ్వమనీ వాళ్ల విన్నపం. లోవెల్ కుదరదని గట్టిగా చెప్పాడు. పన్నెండుమందీ ఒకరినొకరు చూసుకుని, సంతోషంగా తలలు దువ్వుకోవడానికి వెళ్లిపోయారు.

అప్పటినుంచీ లోవెల్ ఎవరికైనా కాదని చెప్పవలసి వస్తే నోటితో చెప్పడం మానేసి, లాయరు చేత ఉత్తరం రాయిస్తున్నాడు.